తప్పున్న చోట దారం

తిరుపతి షెడ్డులో డోరు సొట్ట తీయించినప్పటినుంచీ వాన పడితే చాలు, నా కారులోకి నీళ్లు వచ్చేవి. రెండుసార్లు చూపించాను. రెండుసార్లూ "అంతా సరిగానే ఉండాది సార్" అని పంపించేశారు. ఓ రోజు నగరి నుంచి వస్తున్న బస్సులో షెడ్డు యజమానికి ఫోన్ చేసి, "మీ పనంతా దండగ! వినియోగదారుల కోర్టుకు పోతా!" అని బస్సంతా వినేలా అరిచాను.

పక్క సీట్లోని పెద్దామె నేను ఫోన్ పెట్టేదాకా ఆగింది.

"మేం మగ్గాలోళ్లం నాయనా. సీరంతా దండగని అరిసేవాళ్లతో మేమూ అరుస్తాం. తప్పున్న కాడ దారం కట్టి తెచ్చినోళ్లకి మాత్రం బదులు సెప్పలేం."

"అయితే కోర్టుకు పోవద్దంటావా అవ్వా?"

"పో, ఎవురొద్దన్నారు? ఆడ జడ్జీ అయినా యాడ తప్పుండాదనే గదా అడిగేది!"

సంచిలోంచి ఎర్ర దారం తీసి, పంటితో తెంపి నా చేతిలో పెట్టింది.

మర్నాడు డోరు మీద చెంబుతో నీళ్లు పోస్తూ వెతికాను. కింది మూల రబ్బరు ఒక్కచోట ఊడి ఉంది. దానికి దారం కట్టి షెడ్డుకు తీసుకెళ్లాను. పోట్లాటకు సిద్ధంగా ఉన్న యజమాని వంగి దారం చూశాడు. "మాదే తప్పు సార్" అని తానే కూర్చుని కొత్త రబ్బరు వేశాడు.

ఈ సంగతి ఇంట్లో పదిసార్లు చెప్పి ఉంటాను. మొన్న మా అమ్మాయి లెక్కల మార్కులు చూసి, "నీ చదువంతా దండగ!" అని కేకలేశాను. అది లేచి వెళ్లి, నేను గుర్తుగా కారు తాళాలకు కట్టుకున్న ఆ ఎర్ర దారం విప్పుకొచ్చి జవాబుపత్రం మీద పెట్టింది.

"యాడ తప్పుండాదో కట్టి సూపించు నాయనా."

కళ్లద్దాలు తెచ్చుకుని దాని పక్కన కూర్చున్నాను.