నాగమ్మక్క దగ్గినప్పుడు నేను చేసిన పని

సహోదరీ సహోదరులారా, ఎనిమిదేళ్లుగా దాచిన మాట ఈరోజు మీ ముందు చెబుతున్నాను, చెప్పకుండా ఉండలేను. నాకు క్షయ వచ్చింది. వాడిపట్టిలో మా అత్తగారిల్లు, అందరూ మంచివాళ్లే, కానీ దగ్గులో రక్తం పడిన రోజు నుంచి నా కంచం వేరు, చెంబు వేరు, చాప పశువుల కొట్టం పక్కన! రెండేళ్ల నా కూతురు దూరంగా నిలబడి చేతులు చాస్తుంటే నేనే ముఖం తిప్పుకునేదాన్ని.

అప్పుడు మా వీధిలో ఇడ్లీలు అమ్మే ఎస్తేరక్క, మాకు చుట్టమైనా కాదు, రోజూ వచ్చి నా పక్కనే కూర్చుంది, ప్రభుత్వ ఆసుపత్రికి తోడు వచ్చింది, నా తల మీద చెయ్యి పెట్టి, "యేసయ్యా, ఈ బిడ్డను అందరూ దూరం పెట్టినారు, నువ్వు పెట్టొద్దయ్యా" అని ప్రార్థించింది. నెలల తరబడి ఎవరూ తాకని తల అది! ఆరు నెలలు మందు మింగాను, జబ్బు పోయింది, ప్రభువును నమ్ముకున్నాను. దేవునికే మహిమ!

ఇక్కడితో ఆపాలని ఉంది. ఆయన ఆపనివ్వడం లేదు.

తరువాత మేము ఈ ఒట్టన్‌చత్రం వచ్చేశాం, కూరగాయల మార్కెట్‌లో టమాటాలు ఏరే పనికి కుదిరాను. నా పక్కన కూర్చునే నాగమ్మక్క భర్త లేని మనిషి. నిరుడు ఆమెకు దగ్గు పట్టుకుంది. ఆ దగ్గు నాకు తెలుసు! ఒక మధ్యాహ్నం అన్నం తింటూ ఆమె దగ్గితే ఆడవాళ్లంతా లేచి జరిగారు, వాళ్లతోపాటు నేనూ నా డబ్బా తీసుకుని జరిగాను. నా పాత జబ్బు బయటపడుతుందేమోనని భయం, అంతే. మేస్త్రి ఆమెను పనికి రావద్దన్నాడు. ఆమె నావైపు ఒక్కసారి చూసి వెళ్లిపోయింది.

ఇక నాకు నిలకడ లేదు. పాట ఎత్తుకుంటే సగంలో ఆపేసేదాన్ని, మోకరిస్తే వెంటనే లేచేసేదాన్ని, ఊడ్చిన ఇల్లే మళ్లీ ఊడ్చేదాన్ని, ఆమె వీధి మలుపు దాకా వెళ్లి కొత్తిమీర కొనుక్కుని తిరిగి వచ్చేదాన్ని, ఇలా మూడు వారాలు! "ప్రభువా, వేరే ఎవరినైనా పంపు" అని కూడా ప్రార్థించాను, సిగ్గుతో చెబుతున్నాను.

ఆఖరికి ఒక ఆదివారం ఆరాధన మధ్యలోనే లేచి వెళ్లాను, మీలో కొందరు చూశారు కూడా. నాగమ్మక్క మంచంలో ఎముకల గూడై ఉంది.

"ఎందుకు వస్తివి? నువ్వుగూడా జరిగితివి గదా" అంది.

"జరిగితిని అక్కా. నాకుగూడా ఈ జబ్బే ఉండె. ఎవరికైనా తెలుస్తాదని భయపడితిని."

ప్రార్థన చెయ్యనా అని అడిగాను.

"అది అప్పరం చేద్దువు. ముందు కొంచెం గంజి కాచు, పొయ్యి ముట్టించి రెండు నాళ్లాయె."

కాచాను, తాగించాను, మర్నాడు పని మానుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఇప్పుడు నాలుగో నెల మందు నడుస్తోంది, ముఖంలో కళ వచ్చింది, నా వంటలో ఉప్పు చాలదని తిడుతుంది, స్తోత్రం! ఆమె ఇంకా మందిరానికి రాలేదు, నేను రమ్మనలేదు. జబ్బు నుంచి నన్ను ఎప్పుడో విడిపించిన దేవుడు, భయం నుంచి ఆ గంజి కాచిన రోజునే విడిపించాడు.

మీలో ఎవరైనా దగ్గు దాచుకుని ఉంటే, ఇంట్లో ఎవరినైనా వెనక గదిలో ఉంచి ఉంటే, యేసయ్యను నమ్మండి, ఆయన తాకడానికి జంకేవాడు కాదు! ఆరాధన అయ్యాక తలుపు దగ్గర నిలబడి ఉంటాను. నా దగ్గరికి రండి, రేపు ఆసుపత్రికి కలిసి వెళ్దాం.