సామ్యూల్ సారు గోడకు అంటించిన ఫొటోలు

సామ్యూల్ సారుకు వచ్చినన్ని ఫారిన్ కవర్లు సిద్దిపేటలో ఇంకెవరికీ వచ్చేవి కావు. కొండపాకలో కూలి కుటుంబంలో పుట్టి, బీఎడ్ చేసి, మా పిల్లలు చదివే ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేవాడు. రేడియోలో విదేశీ స్టేషన్లు పట్టుకుని, ప్రోగ్రాం ఎంత స్పష్టంగా వినబడిందో వాళ్లకు ఉత్తరం రాయడం ఆయన అలవాటు. బదులుగా క్యాలెండర్లు, స్టిక్కర్లు వచ్చేవి. ఊళ్లో మాత్రం "మతం మార్చేతందుకు మిషన్ పైసలట" అనుకునేవారు. నేనూ ఆ మాటను కొట్టిపారేయలేదు.

తొంభై నాలుగులో ఒక పొడవాటి పార్సిల్ వచ్చింది. సారు ఉత్తరం రాసి అడిగితే విదేశంలోని ఒక మ్యూజియం పంపిందట. హిట్లర్ కాలంలో లక్షల మంది యూదులను చంపిన చరిత్రను పిల్లలకు ఎలా చెప్పాలో వివరించే పుస్తకం, గోడకు అంటించే ఫొటోలు అందులో ఉన్నాయి. యూదులంటే మాలో చాలామందికి బైబిల్లోని వాళ్లే. అనుమానానికి అది చాలు.

ఓ గురువారం సాయంత్రం మా బిడ్డ సంచీ దించకుండానే చెప్పింది.

"బాపూ, సామ్యూల్ సారు స్వస్తిక్ మీది బొట్టు తుడిచేసిండు."

"ఏ స్వస్తిక్?"

"క్లాసుల ఫొటో మీద ఉన్నది. ఆయమ్మ కొమురవ్వ బొట్టు పెట్టింది, సారు తుడిచిండు. మన గడప మీదిది గూడ తుడుస్తడా?"

నేను బీఎస్సీ కెమిస్ట్రీ. ఆధారం లేని మాట నమ్మను. కానీ అడుగుతున్నది నా బిడ్డ. మర్నాడు పొద్దున్నే బడి నడిపే హరికిషన్ సేటు బట్టల దుకాణానికి వెళ్లి సంగతి చెప్పాను.

"నాక్కూడ డౌటే," అన్నాడు సేటు. "ఇయ్యాల్నే ఆయన్ను నౌకరిల నుంచి పంపించేస్త. నువ్వు సైన్సు చదివినోనివి, సాక్షిగ రా."

బడి వరండాలో ఆయమ్మ కొమురవ్వ ఊడుస్తోంది. సేటు ఆమెను నిలదీశాడు.

"గురువారం బడిల దేవుళ్లందరికి బొట్టు పెడ్త. గా గుర్తు కనవడ్డది, పెట్టిన," అంది.

"నీకు ఏది గానొస్తే దానికి పెడ్తవ్! మొన్న ఫీజుల బీరువకు గూడ పెట్టినవ్."

"లచ్చిమి ఉండేది గా బీరువలనే గద సేటూ!"

క్లాసు తలుపు దగ్గర ఆగాం. సారు ఒక ఫొటో పట్టుకుని నిలబడ్డాడు. అందులో మూటలు, పెట్టెలు మోస్తున్న కుటుంబాలను సిపాయిలు వీధిలో నడిపిస్తున్నారు. పై కిటికీల్లోంచి జనం చూస్తున్నారు.

"కెమెరా ఎవరి చేతుల ఉన్నది?" అడిగాడు సారు.

"తోలుకపోయేటోళ్ల చేతుల," అన్నాడొక పిల్లవాడు. "పొయ్యేటోళ్లకు చేతులు ఖాళీ లెవ్వు గద సార్."

"మరి కిటికీల ఉన్నోళ్లు ఏమనుకుంటున్రు?"

మా బిడ్డ లేచింది. "ఏదో తప్పు చేసిన్రు గావచ్చు, గందుకే పట్టుకపోతున్రు అనుకుంటున్రు."

"ఏం తప్పో ఆళ్లకు ఎర్కేనా?"

"ఎర్క లేదు సార్. ఎవలో చెప్పిన్రు గావచ్చు."

సేటు గట్టిగా దగ్గి లోపలికి వెళ్లాడు. "బొట్టెందుకు తుడిచినవ్ సామ్యూల్?"

సారు గోడ మీది ఇంకో ఫొటో చూపించాడు. హిట్లర్ జెండాలో స్వస్తిక్ లాంటి నల్లటి గుర్తు, కొంచెం వంగి ఉంది. "గిది మన గడప మీదిది గాదు సేటూ. గీ జెండ కిందనే పసిపిల్లల్ని గూడ సంపిన్రు. దీనికి బొట్టు పెడితే మన దేవునికి మర్యాదనా?"

సేటు నా వైపు చూశాడు. నా అనుమానం ఇంకా పోలేదు.

"ఇవన్నీ మీకు ఉత్తగనే ఎందుకు పంపిన్రు సార్? అటెంక ఏమడుగుతరు?"

"ఉత్తరం రాసిన, పంపిన్రు. ఏమీ అడుగలే."

"నాకు ఆ జవాబు చాలదు."

"చాలకుంటే క్లాసుల కూసోన్రి. ఏం చెప్తున్ననో మీరే వినున్రి."

సేటు గడ్డం గోక్కున్నాడు. "సరే, ఈయన కూసుంటనంటే నడువనియ్యి. తేడా వచ్చిందో, గా దినమే నీ నౌకరి ఖతం."

శనివారం మా ఆఫీసులో పర్మిషన్ తీసుకుని వెనక బెంచీలో కూర్చున్నాను. సారు కొత్త ఫొటో అంటించాడు. చెప్పుల గుట్ట. చంపే ముందు యూదుల దగ్గర విప్పించినవట. పైన ఒకటి మా చిన్నోడి కాలికి సరిపోయేంతది. నేను లేచాను.

"ఇవి వాళ్లవేనని ఎట్ల తెలుసు?"

సారు నొచ్చుకోలేదు. నా ప్రశ్నను బోర్డు మీద రాసి పిల్లల వైపు తిరిగాడు.

"బతికి బయటవడ్డోళ్లు ఉన్నరా సార్?" మా బిడ్డ అడిగింది. "ఉంటే ఆళ్లనే అడుగుదం."

"ఉన్నరు," అని సారు మ్యూజియం పుస్తకం తెరిచి, ఒక ముసలామె చెప్పిన మాటలను తెలుగు చేస్తూ చదవసాగాడు.