భూమయ్య దొంగచాటు హీబ్రూ

మస్కట్‌లోని ఘాలాలో కంపెనీ బస్సులు ఆగే చోటికి వెనక వీధిలో ఎనిమిది మంచాల రూమ్ ఒకటుంది. పద్దెనిమిదేళ్లుగా ఆ రూమ్‌కు పెద్దమనిషి భూమయ్య. మెట్‌పల్లి దగ్గర పల్లెటూరివాడు, సెంట్రింగ్ మేస్త్రి. అతనికి వచ్చినన్ని అరబ్బీ మాటలు మస్కట్‌లో పుట్టినవాళ్లకు కూడా రావని ఆ రూమ్‌లో అందరూ నమ్మేవారు. నమ్మించింది అతనే. శుక్రవారం పొద్దున మొదటి చాయ్ గ్లాసు అతనికి ఇవ్వాలి. అది తాగుతూ అతను ఒక మాట ఎక్కడ పుట్టిందో చెప్పాలి. అదీ అక్కడి ఆచారం. చెప్పేది నిజమై ఉండాలని ఎవరూ షరతు పెట్టలేదు.

ఆ శుక్రవారం సబ్బు వంతు వచ్చింది.

"సబ్బు అన్న మాట మా ఊరి అంగట్లనే పుట్టింది," అన్నాడు భూమయ్య. "సబ్బవ్వ అని ఒక ముసలవ్వ ఉండె. కుంకుడు రసం గడ్డ గట్టిచ్చి అమ్మేది. గుర్రాలు అమ్మొచ్చిన అరబ్బు షేకు ఆ గడ్డతోని నల్ల గుర్రాన్ని రుద్దితే తెల్లగైంది. గప్పటి సంది వీళ్లు సాబూన్ అంటున్నరు."

అందరూ పడిపడి నవ్వారు, ఒక్క నర్సింగ్ తప్ప. అతను రూమ్‌కు వచ్చి నెల కూడా కాలేదు. అంతకుముందు నాలుగేళ్లు ఇజ్రాయెల్‌లో ఒక ముసలి పంతులు దగ్గర ఉండి, ఆయనకు సేవ చేశాడు.

"కాదన్నా," అన్నాడు నర్సింగ్ మెల్లగా. "హీబ్రూల సబోన్ అంటరు. పుట్టుక లాటిన్‌ల అంట, పంతులు చెప్పిండు. మాట ఓడలెక్కి దేశదేశాలు తిరిగింది."

ఓడ మాట వినగానే అందరి తలలూ అటు తిరిగాయి. సబ్బవ్వ అక్కడికక్కడే చచ్చిపోయింది.

పై శుక్రవారం మొదటి చాయ్ నర్సింగ్ చేతికి వెళ్లింది. అందించింది రఘుపతి. ఆరేళ్లుగా బస్సులో భూమయ్య పక్క సీటు అతనిదే. టైల్స్ పనివాడు. ఇజ్రాయెల్ పని కోసం ఏజెంటు షరీఫ్‌ను పట్టుకున్నాడు. రెండు వారాల్లో షరీఫ్ వీడియో కాల్‌లో ఇరవై హీబ్రూ మాటలు అడుగుతాడట. అందుకే రఘుపతి నర్సింగ్ మంచం మీద చేరి అతని దగ్గర హీబ్రూ నేర్చుకుంటున్నాడు.

భూమయ్యకు చాయ్ చేదైంది. "అదేం భాషరా? ఎడ్డి భాష. కుడి నుంచి ఎడమకు రాస్తరంట!"

"అరబ్బీ గూడ గట్లనే గద కాకా," అన్నాడు రఘుపతి.

రూమంతా గొల్లుమంది. భూమయ్య ఆ రోజు అన్నం సగమే తిన్నాడు.

మర్నాటి నుంచి అల్ అమెరాత్ సైట్‌లో మధ్యాహ్నం బ్రేక్ కాగానే అతను నీళ్ల ట్యాంకు వెనక్కి పోయేవాడు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, అందులో హీబ్రూ పాఠం. నర్సింగ్‌ను ఒక్కసారైనా నలుగురిలో ఓడించాలన్నదే అతని పట్టుదల. మూడోరోజు ఉలిక్కిపడ్డాడు. తలకు తనకు తెలిసిన అరబ్బీ మాట రాస్, హీబ్రూలో రోష్ అంటున్నారు. నాలుక లిసాన్, ఇక్కడ లషోన్. అయిదు ఖమ్సా, ఇక్కడ హమేష్. సలాం కాస్తా షాలోమ్. పక్కింటివాడి పెట్టెలో తన చొక్కాలన్నీ దొరికినట్టయింది. అరబ్బీ 'స' అక్కడ చాలా మాటల్లో 'ష' అవుతోంది, అంతే!

ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. కానీ బస్సులో రఘుపతి నర్సింగ్ రాసిచ్చిన కాగితం పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "పొద్దుగాల చదివింది పొద్దుమీకి యాదికుంటలేదు కాకా. నాతోని గాదు."

రఘుపతి ఫెయిలైతే నర్సింగ్ పరువు పోతుంది. పాసైతే ఈ పక్క సీటు ఖాళీ అవుతుంది. ఎటు చూసినా నోరు మూసుకోవడమే లాభం. కానీ భూమయ్య నోరు ఏనాడు మాట వింది?

"ఇగో, తలకు మన అరబ్బు ఫోర్‌మన్ ఏమంటడు? రాస్. దాన్ని రోష్ అను. నర్సింగ్‌కు చెప్పినవనుకో, కాళ్లిరగ్గొడ్త."

ఘాలా నుంచి సైట్‌కు, సైట్ నుంచి ఘాలాకు వారం రోజులు అదే బడి.

కాల్ శుక్రవారం పొద్దున వచ్చింది. భూమయ్య మటన్ కూర కలుపుతూ వెనక్కి తిరగకుండా విన్నాడు. రఘుపతి ఇరవైకి పంతొమ్మిది చెప్పాడు. షరీఫ్ సంతోషపడి, "ఎవరు నేర్పారు భాయ్?" అని అడిగాడు.

రఘుపతి మాట మీద నిలబడ్డాడు. "నర్సింగన్న."

ఈలలు, చప్పట్లు. నర్సింగ్ తల వంచుకుని పెళ్లికొడుకులా సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు చూసి భూమయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. గరిటె పట్టుకునే ఫోన్ ముందుకు దూకాడు.

"వాడు గాదు! రోష్ నేర్పింది నేను! లషోన్ నేర్పింది నేను! ఆ స, ష కిటుకు నాది!"

ఫోన్ తెర మీద కూర చుక్క పడింది. షరీఫ్ నవ్వి కాల్ పెట్టేశాడు.

ఎడ్డి భాష అన్నవాడే దొంగచాటుగా నేర్చుకున్నాడని తేలిపోయింది. ఇక ఎగతాళి చేస్తారని భూమయ్య కాచుకుని ఉన్నాడు. నర్సింగ్ మాత్రం నోట్‌బుక్ తెచ్చి అతని మంచం మీద కూర్చున్నాడు.

"నాలుగేండ్లల గీ సంగతి నాకు తట్టలే అన్నా. నాకు అరబ్బీ నేర్పరాదే?"

భూమయ్య ఛాతీ రెండంగుళాలు పెరిగింది. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. నర్సింగ్ ఒకసారి విన్న మాట రెండోసారి అడగలేదు. పది మాటలు చాయ్ చల్లారేలోపే ఒప్పజెప్పాడు. వింటున్నవాళ్లు మళ్లీ నర్సింగ్‌వైపే చూస్తూ "వారెవ్వా" అన్నారు.

భూమయ్య పెరిగిన ఛాతీ అక్కడే ఆగింది. ఒక నిమిషం గడ్డం గోక్కున్నాడు. పదకొండో మాటగా, ఒమన్‌లో ఏ నోటా పలకని, ఏ చెవీ వినని మాట ఒకటి చాలా గంభీరంగా చెప్పాడు.

నర్సింగ్ దాన్ని శ్రద్ధగా రాసుకుని, కింద గీత గీసుకున్నాడు.