సాల్మియా హాల్లో రెండో ఓటు

నేను ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తాను. శుక్రవారం మధ్యాహ్నం మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, పంపితే బయటపడతాను, పంపకపోతే లేదు. ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘం అంటే నాకు పండగ భోజనాలు, స్టేజీ మీద శాలువాలు, అంతే. అలాంటిదాన్ని ఆ ఏడాది మహిళా కార్యదర్శి పదవికి నిలబడ్డాను. కారణం ఒక గోదావరి పిల్ల. వాళ్ల మామా కొట్టే దెబ్బలు తట్టుకోలేక ఇల్లు వదిలి వచ్చేసింది. సాల్మియాలో మాకు తెలిసిన, ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ వంటగదిలో దాక్కుని ఉంటోంది. అలా వచ్చేసిన ఆడవాళ్లకు కాగితాల పని తేలేదాకా సంఘం ఒక గది అద్దెకు తీసుకోవాలని నా పట్టు. నేను గెలిస్తే మొదట ఆ గదిలో ఉండేది ఆ పిల్లే.

సంఘం అధ్యక్షుడు ఈసారి ఓట్లకు చైనా నుంచి మిషను తెప్పించాడు. మాలో చాలామందికి వీసాలు తెప్పించిన ఏజెంటు కూడా ఆయనే. పోలింగు రోజు పొద్దున పరీక్షించినప్పుడే ఒకరి బటన్ నొక్కితే పక్కవాళ్ల లైటు వెలిగింది. ఇదేందని అడిగాను.

"ఏం గాదులేమ్మా, కొత్త మిషను గదా, సర్దుకుంటాది," అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

సాయంత్రం చూస్తే నేను గెలిచాను, ఆయన మరదలు ఓడింది. అంతే, మిషను దొంగదైపోయింది! "చైనా మాలప్పా, ఇంగెట్లుంటాది!" అని ఒకడు కుర్చీ తన్నాడు. "ఊర్లో ఎలక్షన్లోనూ ఇదే మోసం, ఈడికీ తెచ్చినారు," అని ఇంకొకడు. పొద్దున నవ్విన నోళ్లే ఇవి. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా మిషను చెడ్డదన్నది నిజమే కదా, కాదని ఏ మొహంతో అంటాను?

"అయితే చీటీలు పెట్టండి," అన్నాను.

"చదువు రానోళ్లుండారు. వచ్చే వారం చేతులెత్తుదురు, ఖలాస్," అన్నాడు అధ్యక్షుడు. హాలంతా చప్పట్లు.

మరుసటి వారం ఆయన స్టేజీ మీద నిలబడి ఒక్కొక్క మొహమే చూస్తుంటే నా పేరుకు చెయ్యెత్తే ధైర్యం ఎవరికుంటుంది? మమ్మల్ని పనికి పెట్టుకున్న కఫీల్ చెవిలో ఆయన ఒక్క మాట వేస్తే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు ఆగిపోతుంది. నీకే వేశామక్కా అని ఫోన్లో మురిసిపోయినవాళ్లంతా తలలు వంచుకున్నారు. మా చిన్నాయన కూతురు, నేను కాళ్లావేళ్లా పడి ఇక్కడికి రప్పించుకున్న పిల్ల, నావైపే చూడలేదు. హాల్లో లేచింది నా చెయ్యి ఒక్కటే.

"సొంత ఓటు లెక్కలోకి రాదుమ్మా," అన్నాడాయన. మళ్లీ నవ్వులు. చెల్లెలి మీద కోపం రాలేదని చెప్పను. వచ్చింది, ఇంకా పోలేదు.

అక్కడినుంచి నేరుగా నర్సమ్మ ఇంటికి వెళ్లాను. సంగతి అప్పటికే ఫోన్లో చేరిపోయింది. ఆ పిల్ల సంచి సర్దుకుని తలుపు దగ్గర కూర్చుని ఉంది.

"ఎల్లిపోతన్నానక్కా. మామాకి ఫోన్ చేసేశాను. కారు పంపుతానంది."

"పిచ్చి పట్టిందేమే నీకు? మల్లా కొడ్తాది గదా!"

"మరెక్కడుండమంటావక్కా? పోలీసులొస్తే నన్ను దాచినందుకు నర్సమ్మగారి ఉద్యోగం పోద్ది. ఆవిడ రాత్రుళ్లు నిద్ర కూడా పోట్లేదు."

ఇంతలో కింద కారు హారన్ మోగింది. ఆలస్యమైతే మామా కొడుతుందని ఆ పిల్ల మెట్ల మీద పరుగెత్తుకుంటూ దిగిపోయింది.