వదిన పెళ్లిచీర మీద గ్రీజు

డిగ్రీ మొదటి ఏడాది చదివే రోజుల్లో నాకు కెమిస్ట్రీ అంతా వచ్చుననీ, మనుషులతో మాట్లాడడమే రాదనీ అనుకునేదాన్ని. రెండోది నిజమే. ఇంటికెవరైనా వస్తే పుస్తకం పట్టుకుని వెనక వసారాలోకి జారుకునేదాన్ని. అన్నను పెళ్లాడి వదిన బుచ్చిరెడ్డిపాలెం నుంచి మా ఊరొచ్చి నెలలు గడిచినా, ఆమెతో నేను ఆడిన మాటలు ‘ఊ’, ‘లేదు’, ‘తిన్నాను’ (డైరీలో మాత్రం ఆమె గురించి పేజీలకు పేజీలు). అలాంటి నాకు, ఈస్టర్ తెల్లవారుజామున సముద్రపు ఒడ్డున జరిగే ఆరాధనలో బైబిలు వాక్యం చదివే పని పడింది. ఆడపిల్లలంతా తెల్లచీరలు కట్టాలి. నాకు లేదని తెలిసి వదిన తన పెళ్లిచీర తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మాలో పెళ్లికూతురు కట్టేది తెల్లచీరే.

ముందురోజు మధ్యాహ్నం ఆ చీర కట్టుకుని, కళ్లు మూసుకుని వాక్యం వల్లెవేస్తూ పెరట్లో వెనక్కి వెనక్కి నడిచాను. వెనక అన్న ట్రాక్టరు ఉంది. పొద్దున్నే దానికి గ్రీజు పెట్టారన్న సంగతి, నడుము దగ్గర చల్లగా తగిలాకే గుర్తొచ్చింది. అరచేయంత నల్లమచ్చ. నేను చీర మార్చుకుని వచ్చేసరికి అమ్మ బిందెతో సిద్ధంగా ఉంది. చీర మీద ఎన్ని నీళ్లు గుమ్మరించినా జారిపోయాయి గాని మచ్చ కదల్లేదు. “నీళ్లతో పోదమ్మా,” అని నేను పాఠం మొదలుపెట్టాను. నీటి అణువులకు ఒక కొస కాస్త ప్లస్సు, ఇంకో కొస మైనస్సు. అవి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. గ్రీజులోని నూనెకు అలాంటి కొసలు లేవు. దానికి చోటివ్వాలంటే నీళ్లు తమ పట్టు వదలాలి, వదలవు. తనలాంటి నూనెల్లోనే నూనె కరుగుతుంది.

“అదంతా నాకెందుకు మే, మచ్చ ఎట్టా పోద్దో చెప్పు,” అంది అమ్మ.

చెప్పడమెందుకని కొబ్బరినూనె సీసా తెచ్చి ఒంపాను. శాస్త్రం అబద్ధమాడలేదు. గ్రీజు చక్కగా కరిగింది. కరిగి, అరచేయంత మచ్చ చాటంత అయింది.

“కరిగింది సరే, కరిగింది యాడికి పోయిందే?” అంది అమ్మ. ఆ ప్రశ్న మా పుస్తకంలో లేదు.

అప్పుడే వదిన చర్చి ఊడ్చి వచ్చింది. చీరను చూసింది, సీసాను చూసింది.

“ఏంది పాపా, చీరకి తలంటినావా?”

నేను ఏడుపు మొదలుపెట్టాను. వదిన పక్కన కూర్చుంది. “ఏడవబాకు. నూనె ఇంక దేంట్లో కరుగుద్ది?”

“పెట్రోల్లో.”

“మరి ఆ పెట్రోలు యాడికి పోద్ది?”

“గాల్లోకి.”

“ఆ మాట ముందే చెప్పుంటే కొబ్బరినూనె మిగిలేది గదా.”

అన్న మోటారుసైకిల్లోంచి గిన్నెడు పెట్రోలు తీసి, అమ్మ చేత పొయ్యి ఆర్పించి, వేపచెట్టు కింద కూర్చున్నాం. చీర కింద పాతగుడ్డ పరిచి, పైనుంచి అద్దుతూ పోతే కరిగిన నూనె కింది గుడ్డలోకి దిగింది. గుడ్డలు మారుస్తూ సాయంత్రం దాకా అద్దాం, కబుర్లాడుకున్నాం (అన్నీ నేనే మాట్లాడానని వదిన ఇప్పటికీ అంటుంది). తర్వాత సబ్బుతో ఉతికి ఆరేశాం. మచ్చ పోయింది. వాసన మాత్రం చీరను వదల్లేదు.

తెల్లవారుజామున ఇసుకలో అందరి చేతుల్లో కొవ్వొత్తులు. నాకొకటి వెలిగించబోయిన సంఘపెద్దకు వదిన అడ్డం పడింది. “ఈ పిల్లకి వద్దులే తాతా, పెట్రోలు వాసనొస్తా ఉండాది.” అంతే, నా చుట్టూ ఉన్నవాళ్లంతా దూరంగా జరిగారు. ఆ చీకట్లో ఒంటరిగా నిలబడ్డాను. పుస్తకం కనబడలేదు, వల్లెవేసింది ఆదుకుంది. మనుషుల ముఖాలూ కనబడలేదు, దూరాన చిన్నచిన్న దీపాలు తప్ప. నా గొంతు మొదటిసారి వణకలేదు.

తిరిగొచ్చేటప్పుడు వెలుతురొచ్చింది. వదిన నా నడుము దగ్గర చీరను ఎండకేసి తిప్పి చూసింది. తెల్లగా ఉంది. “బాగా చదివినావు పాపా. మళ్లీసారి మా అమ్మ పట్టుచీర ఇస్తా, దానికి ఆముదం పట్టిద్దువు,” అంది.

ఆమెకు ఎన్నో చెప్పాలని నోరు తెరిచాను. “చీర బాగా మడతపెట్టి ఇస్తాను వదినా,” అన్నాను. అప్పటి ఆ పిల్లకు అంతకుమించి చేతకాలేదు పాపం. వదిన మాత్రం అన్నీ విన్నట్టే తలూపింది.