గిది నొక్కితే ఏమైతది?

కనకయ్యకు ఈమధ్య ఒక జబ్బు పట్టుకుంది. ఏ బటన్ నొక్కాలన్నా ముందు పదిమందికీ వినబడేలా, "గిది నొక్కితే ఏమైతది?" అని అడిగి తీరాలి. గోడాదరా బస్తీలో అతనుండే బిల్డింగులో అతనితో లిఫ్టెక్కాలంటే జనం హడలిపోతారు.

"నాలుగు నొక్కితే ఏమైతది?"

"నాలుగో అంతస్తు వస్తది, కనకయ్యా!"

"రాకపోతే?"

ఇంట్లో మిక్సీ దగ్గరా ఇదే తంతు. భార్య రాజమ్మ విసిగిపోయి పచ్చడి రోట్లోనే నూరుకుంటోంది, పాపం.

కార్ఖానాలో ఈ మహానుభావుడి పక్క మిషనే వజ్రమ్మకు దక్కింది. చీరల మీద పూలు కుట్టే పాత మిషన్లు తీసేసి, కంప్యూటర్ మిషన్లు పెట్టారు. సోమవారం సేఠ్ స్వయంగా వచ్చి చూస్తాడట. నడపలేనివాళ్లకు పని పోయినట్టే. వజ్రమ్మకు తెర మీది అక్షరాలు చదవడం రాదు. అడగాలంటే నామోషీ. అది చాలనట్టు, నేర్పడానికొచ్చిన ఫణికుమార్ రోజూ ఏదో ఒకటి మార్చేవాడు. తెర మీద నిన్న ఎడమపక్కనున్న బటన్ ఇవాళ కుడిపక్కకు పోయేది.

ఆమె వేలు గాల్లో ఆగిన ప్రతిసారీ పక్కనుంచి కనకయ్య కేక వినబడేది.

"ఫణీ! దారం తెగి ఎర్రలైటొచ్చింది. పచ్చది నొక్కితే ఏమైతది?"

"అరే యార్! నిన్ననే చెప్పిన గదా! పువ్వు సగమే పడ్తది. దారం ఎక్కించి, బాణం నొక్కి, నాలుగు కుట్లు ఎనకకు పోవాలె. గప్పుడు పచ్చది!"

అందరూ పకపకా నవ్వేవారు. "ఏం గొంతురా నాయనా! చెవులు తూట్లు పడుతున్నయ్," అని వజ్రమ్మ కూడా విసుక్కునేది.

సోమవారం సేఠ్ వచ్చి సరిగ్గా ఆమె వెనకే నిలబడ్డాడు. టప్పున దారం తెగింది. వజ్రమ్మ వేలు పచ్చ బటన్ మీదికి పోయింది కూడా. అంతలో చెవుల్లో కనకయ్య గొంతు గింగురుమంది: పచ్చది నొక్కితే ఏమైతది? చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. దారం ఎక్కించి, బాణం నొక్కి, ఆ తర్వాతే పచ్చది నొక్కింది. పువ్వు నిండుగా పడింది.

"బరాబర్ ఛే," అని గుజరాతీలో మెచ్చుకుని, సేఠ్ తలూపి ముందుకు వెళ్లాడు.

ఆ సంబరంతో వజ్రమ్మ చాయ్ పట్టుకుని కనకయ్య దగ్గరికి పోయింది. అతను కూనిరాగం తీస్తూ టకటకా బటన్లు నొక్కేస్తున్నాడు. ఎవర్నీ ఏమీ అడగడం లేదు!

"అన్నా! నీకన్నీ వస్తయా!"

కనకయ్య ఉలిక్కిపడ్డాడు. "నువ్వెప్పుడొచ్చినవ్, చెల్లె?" అంటూ మిషన్ ఆపాడు. "నువ్వేమో నోరు తెరవకపోతివి. ఎవరో ఒకరు అడగాలె గదా."

"మరి లిఫ్టు కాడ?"

"అది అలవాటైపోయింది."

వజ్రమ్మకు నవ్వాగలేదు. ఇన్నాళ్లూ విసుక్కున్నందుకు సిగ్గూ వేసింది.

మరుసటి వారం ఫణికుమార్ మళ్లీ బటన్లన్నీ తారుమారు చేశాడు. కొత్తగా చేరిన కొమురవ్వ వేలు గాల్లో ఆగిపోయింది. కనకయ్య నోరు తెరిచేలోపే, కార్ఖానా దద్దరిల్లేలా వజ్రమ్మ అరిచింది.

"ఫణీ! గిది నొక్కితే ఏమైతది?"

"జర మెల్లగ, చెల్లె," అన్నాడు కనకయ్య రెండు చేతులూ అడ్డం పెట్టుకుని. "చెవులు తూట్లు పడుతున్నయ్."