నేను గెలిచిన బేతంచెర్ల బండ

ఆ రోజుల్లో, అంటే మా కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో, చరిత్రలో బి.ఏ. ప్యాసైన ఆడపిల్లకు తెలియని సంగతంటూ లోకంలో ఉండేది కాదు. నాకైతే అసలే ఉండేది కాదు. నన్ను చదివించింది మా మేనత్త. బడి గడప తొక్కని మనిషి, భర్త పోయిన మనిషి, ఉన్న చేనులో సగం అమ్మి నన్ను కాలేజీలో చేర్చింది. బదులుగా ఆమె అడిగింది ఒక్కటే: "నాకు సముద్రం చూపీమే. అన్ని నీళ్లు ఒక్కతావున ఉంటాయంటే నమ్మబుద్ధి కాదు." (మా ఊళ్లో కడవ నీళ్లకు మైలు నడవాలి.)

టీచరుద్యోగం రాగానే, మూడు రోజుల సెలవులో ఆమెను భీమునిపట్నం తీసుకుపోయాను. బస డచ్చివాళ్ల కాలం నాటి బంగళాలో. గదీ, పొద్దుటి ఫలహారమూ కలిపి ఇచ్చేవారు. ఇంటావిడ ఠీవి చూసి మనసులోనే దొరసాని అని పేరు పెట్టాను. మేం చేరేసరికి చీకటి పడింది. మర్నాడు తొమ్మిదికి బస్సు. అది తప్పితే రైలు తప్పుతుంది, రైలు తప్పితే కొత్త ఉద్యోగం పోతుంది. సముద్రానికి మిగిలింది ఆ పొద్దుటి పూటే.

తెల్లవారేసరికే అత్త తయారై, సముద్రపు నీళ్లు పట్టుకోవడానికి ఇత్తడి చెంబుతో వరండాలో కూర్చుంది. "యాడో వాన కురుస్తాండాది, విను" అంది. "వాన కాదత్తా, అదే సముద్రం. ఆ ఇసుకదిబ్బ అవతలే" అన్నాను. ఆమె కళ్లు మూసుకుని వింది. ఫలహారం తినిపోదామన్నాను. అక్కడే చెడింది.

దొరసాని ఉప్మా వడ్డిస్తూ, "కింద పరిచిన రాళ్లు చూసేరా? డచ్చి దొరలు వాళ్ల దేశం నించి ఓడల్లో తెప్పించేరు" అంది. నా ఉత్త కాళ్లకు ఆ చల్లదనం పుట్టినప్పటి నుంచీ తెలుసు. అత్త వంటింట్లో ఉన్నదీ అదే.

"ఇది మా కర్నూలు వైపు బేతంచెర్ల బండండీ."

"మీ ఊరి రాయి మా ఇంటికెందుకొస్తాదమ్మా? మీ రాజధానికే దిక్కు లేక కచేరీలన్నీ గుడారాల్లోనట గదా!"

ఇక ఆగుతానా? అత్త చేతిలో చెంబు లాక్కుని, నీళ్లు నింపి బండ మీద కుమ్మరించి, తడిస్తే తేలే ఆ పచ్చరంగు చూపించాను. డచ్చివాళ్లు ఎప్పుడొచ్చారో, ఎప్పుడు పోయారో ఏకరువు పెట్టాను.

"పోనీలేమే, బండ యాడిదైతే మనకేమి? పోదాం రా" అంది అత్త.

"నువ్వు పద అత్తా, వెనకే వస్తా."

"నువ్వు చూపిస్తానంటివి గదా" అని ఆమె మళ్లీ కూర్చుంది.

చివరికి దొరసాని ఓడిపోయింది. "సరే, మా మామగారు రైల్లో తెప్పించి వేయించేరు. అయితే ఏటి?" అంది. నేను విజయగర్వంతో తలెత్తేసరికి వీధిలో బస్సు హారన్ మోగింది.

బస్సు సముద్రానికి వీపు పెట్టి తగరపువలస వైపు పోయింది. అత్త ఒళ్లో ఖాళీ చెంబును కొంగుతో తుడిచింది. తర్వాత, "గెల్చినావా?" అంది. "గెలిచానత్తా." "శానా సంతోషం."

మళ్లీ తీసుకుపోతానన్నాను. ఆ మళ్లీ రాకముందే ఆమె పోయింది. ఉన్నన్నాళ్లూ మాత్రం, సముద్రం చూస్తివా అని అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పేది: "చూల్లేదు, విన్నా. అచ్చం వాన మాదిరే ఉండాది. మా పిల్ల చూడు, ఈడి రాయిని ఆడికి పోయి కాలితోనే గుర్తు పట్టింది!"

ఇప్పుడు నా వంటింట్లోనూ అదే బండ. ఎవరైనా తప్పు కూస్తే నోరు ఇప్పటికీ లేస్తుంది. కాకపోతే వాదనకు దిగే ముందు, పక్కన ఎవరైనా చెంబు పట్టుకుని కూర్చున్నారేమోనని ఒకసారి చూసుకుంటాను. ఎవరూ ఉండరు. నాలో నేనే నవ్వుకుని, వాదనకు దిగుతాను.